నానీ ఆయినా, అమ్మీ ఎత్తు

కొత్త ఫ్లాట్‌లోకి వచ్చిన వారానికే మా ఇంట్లో బహస్ మొదలైంది. హాల్లో సోఫా వెనక గోడ ఖాళీగా ఉంది. దానికి ఒక అద్దం పెడదామని మా అమ్మాయి పట్టు. ఫోన్ తెరిచి వరసగా చూపించింది. సూర్యకిరణాల్లాగా చుట్టూ పుల్లలున్న గుండ్రటి అద్దం, మెహరాబ్ ఆకారంలో నల్ల ఇనప చట్రం అద్దం, రాజస్థానీ ఝరోఖా అద్దం. "గడ్డం సరిగ్గా కనిపిస్తే చాలు, ఏదైనా పెట్టండి" అన్నారు మా ఆయన. దివాన్ మీద కూర్చుని తస్బీ తిప్పుకుంటున్న అమ్మీ మాత్రం తలెత్తకుండానే అంది: "గోడ ఖాళీగా ఉంటే ఏం నుక్సానే?"

అందరం చప్పుడు చెయ్యకుండా ఊరుకున్నాం. అమ్మీ ఆ మాట ఎందుకు అన్నదో మా అందరికీ తెలుసు. అబ్బా అల్లాహ్‌కు ప్యారా అయినప్పటి నుంచి, రెండేళ్లుగా అమ్మీ అద్దం చూసుకోలేదు.

ఈ కిస్సా అమ్మీతో మొదలు కాలేదు. మా నానీతో మొదలైంది.

నానీది కర్నూలు. పెళ్లినాటికి ఆమెకి పద్నాలుగేళ్లు. నికా అయ్యేదాకా దుల్హా ముఖం దుల్హన్ చూసే రివాజు ఆ రోజుల్లో లేదు. నికా తర్వాత జల్వా. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తలల మీద ఎర్ర దుపట్టా కప్పి, మధ్యలో ముసహఫ్ పెట్టి, పక్కనే అద్దం ఉంచుతారు. ఒకరి ముఖం ఒకరు మొదటిసారి ఆ అద్దంలోనే చూసుకోవాలి. దీన్నే ఆర్సీ ముసహఫ్ అంటారు. ఇప్పుడు పెళ్లికి ముందే వీడియో కాల్స్‌లో వేలసార్లు చూసుకున్న పిల్లలు కూడా ఫోటోగ్రాఫర్ కోసం ఈ రసమ్ చేస్తున్నారు. కాని నానీకి అది రసమ్ కాదు. జిందగీలో తన షౌహర్‌ని చూడబోతున్న మొదటి క్షణం.

"మరి చూశావా నానీ?" అని అడిగితే సిగ్గుపడేది. "ఎక్కడే! కళ్లు గట్టిగా మూసుకున్నా. పక్కన ఆడాళ్లంతా 'చూడవే, చూడవే' అని గిల్లుతూనే ఉన్నారు. తెల్లారి ఆయన బయటికి పోతుంటే కిటికీలోంచి దొంగతనంగా చూశా."

ఆ జల్వా అద్దమే తర్వాత నానీ గదిలో గోడకెక్కింది. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు. టేకు చట్రం, దాని మీద చెక్కిన బేల్‌బూటా. గాజు అంచులు ఏటవాలుగా చెక్కి ఉండేవి. పొద్దున ఎండ తగిలితే ఎదురు గోడ మీద ఏడు రంగులు పడేవి. వాటిని పట్టుకోడానికి మేం పిల్లలం గోడ మీద చేతులు కొట్టేవాళ్లం.

నాకు ఏడేళ్లప్పుడు నానా పోయారు. మయ్యత్ లేచిన రోజే ఎవరో ఒక ముసలామె వచ్చి ఆ అద్దం మీద తెల్ల మల్‌మల్ గుడ్డ కప్పేసింది. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అది అయిపోయింది. నానీ బయటికి రావడం, పెళ్లిళ్లకు పోవడం, మాతో నవ్వడం అన్నీ మొదలయ్యాయి. ఆ గుడ్డ మాత్రం ఎవరూ తియ్యలేదు. తియ్యమని నానీ అడగలేదు. మాసిపోతే ఉతికి మళ్లీ కప్పేవాళ్లు. నానీ చేత్తో తడుముకుంటూ తల దువ్వుకునేది. మాంగ్ మాత్రం గీత గీసినట్టు వచ్చేది.

నాకు పదేళ్లప్పుడు అనుకుంటా, ఈద్‌కి కొత్త బట్టలు వేసుకుని, ఎలా ఉన్నానో చూసుకుందామని ఆ గుడ్డ ఎత్తాను. నా వెనక నానీ వచ్చి నిలబడింది నేను చూడలేదు. అద్దంలో నా భుజం పైనుంచి ఆమె ముఖం కనిపించింది. నానీ ఒక్క క్షణం అలాగే చూసి, నవ్వుతూనే అడిగింది: "ఆ బుఢియా ఎవరే?"

తర్వాత నా చేతిలోంచి గుడ్డ తీసుకుని మెల్లగా కప్పేసింది. అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాదు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ గుడ్డ అలాగే ఉంది. నానీ పోయాక అద్దం మామూ ఇంట్లో అటక ఎక్కింది.

అబ్బా పోయినప్పుడు మా చిన్న ఖాలా వచ్చి అమ్మీ డ్రెస్సింగ్ టేబుల్ అద్దానికి దుప్పటి కప్పింది. నేను ఏమీ అనలేకపోయాను. ఆ రోజు అనే రోజు కాదు. ఇద్దత్ అయిపోయాక మాత్రం మా మసీదు పేష్ ఇమామ్ సాబ్‌ని అడిగాను. ఇద్దత్‌లో సింగారం ఉండదు, కారణం లేకుండా ఇల్లు దాటడం ఉండదు, మరో నికా మాట ఉండదు, ఆ ముద్దత్‌కి ఒక హద్దు ఉంది, అది దాటితే అయిపోయినట్టే అన్నారు. అద్దానికి గుడ్డ కప్పడం దీన్‌లో ఎక్కడా లేదు, అది మనం కల్పించుకున్న రివాజు అని కూడా చెప్పారు. పరిగెత్తుకొచ్చి అమ్మీతో చెప్పాను. అమ్మీ వినింది. "అది నాకూ తెలుసే" అంది. "గుడ్డ తీసేయ్. కాని నేను చూసుకోవాల్సింది ఏముంది? చూసేవాళ్లు పోయారు."

నా దగ్గర జవాబు లేదు.

అందుకే కొత్త ఇంటికి అద్దం కొనడం మా అమ్మాయికి సజావట్ కావచ్చు, నాకు కాదు. ఒట్టి అద్దం కాకుండా, ఏదో పాత ఇంటి వాసన ఉన్న అద్దం తెస్తే అమ్మీ కనీసం దగ్గరికి వచ్చి చూస్తుందేమో అని ఆశ.

ఆ ఆశతోనే మోసపోయాను. ఒక దుకాణంలో "నూరేళ్ల బెల్జియం అద్దం, ఆపా, నవాబుల ఇంటిది" అని చెప్పి పన్నెండు వేలు తీసుకున్నాడు. చూడ్డానికి మచ్చలు మచ్చలుగా, పురానాగానే ఉంది. ఇంటికి తెచ్చాక మా ఆయన వెనక్కి తిప్పారు. లోపల కొత్త ప్లైవుడ్. దాన్ని బిగించిన స్క్రూల తలల మీద ప్లస్ గుర్తు. "నవాబులు స్టార్ స్క్రూడ్రైవర్ వాడేవాళ్లేమో" అన్నారు. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ పన్నెండు వేలతో నేర్చుకున్నది మీకు ఉచితంగా చెప్తాను. పాత అద్దం కొనేటప్పుడు ముందు ముఖం చూడకండి, వీపు చూడండి. నిజంగా పాతదైతే వెనక చెక్క ఎండి, నల్లబడి, చోట్ల చోట్ల రంగు తేడాగా ఉంటుంది. మేకులు తుప్పు పట్టి, వాటి చుట్టూ చెక్క కూడా నల్లగా మారి ఉంటుంది. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల నుంచే బజారులోకి వచ్చాయి. తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు నిజమే, కాని అన్నీ అవే ఉంటే అనుమానించాల్సిందే.

మచ్చలు కూడా అబద్ధం చెప్తాయి. యాసిడ్ చల్లి మచ్చలు తెప్పించేవాళ్లు అద్దమంతా ఒకే రకంగా చల్లుతారు. అసలు మచ్చ అలా రాదు. తడి అంచుల్లోంచి లోపలికి పాకుతుంది. అందుకే కింది అంచున, మూలల్లో ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటుంది. అద్దం ముందు నిలబడి, అందులో కనిపించే కిటికీ ఊచల్నో ట్యూబులైట్‌నో చూస్తూ తల అటూ ఇటూ కదపండి. గీత నీళ్లలో నీడలాగా కొంచెం వంగితే అది పాత పద్ధతిలో చేసిన గాజు కావచ్చు. ఏమాత్రం వంగకపోతే బహుశా ఫ్లోట్ గాజు. కరిగిన గాజుని కరిగిన తగరం మీద తేల్చి చదునుగా చేసే ఆ పద్ధతిని ఇంగ్లండ్‌లో పిల్కింగ్టన్ కంపెనీ 1950ల్లో కనిపెట్టింది. అంచులు చెక్కి ఉన్న ప్రతి అద్దాన్నీ మన దగ్గర "బెల్జియం" అనేస్తారు. చౌమహల్లా ప్యాలెస్‌లో బెల్జియం ఝూమర్లు చూసి చూసి ఆ పేరుకి మనకి అంత మోజు. పేరుకి పైసలు ఇవ్వకండి, గాజుకి ఇవ్వండి.

ఒక ఖతరా కూడా చెప్పాలి. మన పెద్దవాళ్లు "అద్దానికి రసం పోయింది" అంటారు కదా. ఆ మాట ఊరికే పుట్టలేదు. పూర్వం గాజు వెనక తగరం రేకు, పాదరసం కలిపి పూసేవాళ్లు. 1835లో జర్మనీలో లీబిగ్ అనే శాస్త్రవేత్త గాజు మీద వెండి పూత వేసే పద్ధతి కనిపెట్టాక మెల్లగా పాదరసం తప్పుకుంది, మాట మాత్రం మిగిలింది. వెండి పూత అద్దానికి సాధారణంగా వెనక రంగు వేసి ఉంటుంది. పాదరసందైతే రంగు లేకుండా బూడిద రంగు లోహంలాగా కనిపిస్తుంది. అలాంటిది దొరికితే గోకొద్దు, వేడి తగలనివ్వొద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు.

నకిలీ అద్దం గోడకి ఆనించి ఉండగానే నాకు నానీ అద్దం యాదికొచ్చింది. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి బజారంతా తిరిగాను! మామూకి ఫోన్ చేశాను. "అటక మీద ఉన్నట్టుంది బేటా, రసం పోయి ఉంటుంది" అన్నారు. ఆ ఆదివారమే కర్నూలు బస్సెక్కాను. మల్‌మల్ గుడ్డ పసుపు రంగుకి తిరిగి, ఇంకా దాని మీదే ఉంది. పగలలేదు, అల్హందులిల్లాహ్. కింది అంచున నాలుగు వేళ్ల మేర నల్లమచ్చలు, ఒక మూలన చెదలు తిన్న చట్రం. ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చాను.

పాతబస్తీలో అద్దాలకి చట్రాలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. వెనక రంగు గోటితో తట్టి చూసి, వెండి పూతే అన్నాడు. "మూడు రాస్తాలు ఉన్నాయి ఆపా. గాజు మార్చెయ్యొచ్చు, చౌకలో అయిపోతుంది. పాత పూత తీసి కొత్త పూత వెయ్యొచ్చు, కాని గాజు పాతది, ఆ పనిలో పగిలితే నా జిమ్మా కాదు. లేదంటే ఇట్లాగే ఉంచుకోవచ్చు."

"మీ ఇంటిదైతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"గాజు మారిస్తే చట్రం మీ నానీది ఉంటుంది, ఆయినా బజారుది అవుతుంది" అన్నాడు.

అట్లాగే ఉంచమన్నాను. చెదలు తిన్న మూలకి టేకు ముక్క అతికించాడు. వెనక చెక్క మార్చి, గాజుకి ఆనకుండా సన్నటి సందు ఉంచాడు, గాలి ఆడి తడి నిలవకుండా. తుడిచే పద్ధతి కూడా చెప్పాడు. అద్దం మీద ఎప్పుడూ నేరుగా నీళ్లు గాని, స్ప్రే గాని కొట్టొద్దు. అది జారి చట్రం సందులోకి దిగి పూతని తింటుంది. మెత్తని గుడ్డ కొంచెం తడిపి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. చట్రం నగిషీలో దుమ్ముకి మెత్తటి బ్రష్ చాలు.

ఎక్కడ పెట్టాలన్నది మళ్లీ ఒక బహస్. బాత్‌రూమ్ దగ్గర వద్దు, ఆవిరి. వంటింటి ఎదురుగా వద్దు, పోపు పొగ. హాల్లో మేం నమాజ్ చదివే చోట కిబ్లా వైపు గోడ వద్దు. ముసల్లా మీద నిలబడి మన రుకూ మనమే చూసుకుంటుంటే ధ్యాస ఎక్కడ నిలుస్తుంది? వీధి తలుపుకి ఎదురుగా కూడా వద్దన్నాను. దీనికి నానీ చెప్పిన కారణం ఉంది. తలుపు తెరిచినప్పుడు బయట నిలబడ్డవాళ్లకి అద్దంలోంచి లోపలి గది మొత్తం కనిపిస్తుంది. గుమ్మానికి పర్దా కట్టుకుని పక్కన అద్దం పెట్టుకుంటే ఆ పర్దాకి అర్థమేముంది? నానీ ఇంట్లో ఈ లెక్క చూసుకునే అద్దం కొట్టేవాళ్లు. చివరికి కిటికీకి పక్క గోడ ఖరారైంది. వెలుతురు అద్దం మీద కాదు, చూసుకునేవాళ్ల ముఖం మీద పడుతుంది.

మా అమ్మాయి మోజు కూడా కాదనలేదు. తన గదికి మెహరాబ్ ఆకారం అద్దం తీసుకున్నాం. రెక్కల పిల్లలు, పక్షుల బొమ్మలున్న విలాయతీ చట్రాలు చూపించారు, మేం బేల్‌బూటాదే అడిగాం. తనకి నిలువెత్తు అద్దం కావాలంది. లెక్క ప్రకారం మన ఒళ్లంతా కనపడ్డానికి మన ఎత్తులో సగం అద్దం చాలు, సరైన ఎత్తున పెడితే. దూరం జరిగినా దగ్గరికొచ్చినా ఆ లెక్క మారదు. తను సైన్స్ చదివింది గాబట్టి తనే కాగితం మీద గీసి ఒప్పుకుంది. బరువు కూడా చూసుకోవాలి. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉంటే ఒట్టి గాజే సుమారు 14 కిలోలు. ఒక్క మేకు మీద వేలాడదియ్యకండి.

ఆ రోజుల్లోనే ఒక సెలవునాడు అమ్మీని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకుపోయాం. అక్కడ ఒకే దుంగలో రెండు వైపులా చెక్కిన బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. ముందువైపు మెఫిస్టోఫిలిస్, గర్వంగా ఛాతీ విరిచి. వెనకవైపు మార్గరెటా, తల దించుకుని. వెనక అద్దం పెట్టారు గాబట్టే ఆమె మనకి కనిపిస్తుంది. అమ్మీ దాని ముందు చాలాసేపు నిలబడింది. "పాపం, అద్దం ఎదురుగానే ఉంది, ఆ పిల్ల మాత్రం తలెత్తదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు అదే అద్దంలో, మార్గరెటా పక్కన, అమ్మీ తెల్ల దుపట్టా కూడా కనిపిస్తోంది. నేను చూశాను. అమ్మీ చూసిందో లేదో తెలియదు. పక్కకి జరిగిపోయింది.

నానీ అద్దం మా ఆయనే గోడకి కొట్టారు. అమ్మీ దాన్ని చూసి ఏమీ అనలేదు. చట్రం మీద బేల్‌బూటాని వేలితో ఒకసారి రాసింది, అంతే. తర్వాత రోజూ దాని పక్కనుంచే వంటింట్లోకి, ముసల్లా దగ్గరికి నడిచేది. ఒక్కసారి కూడా ఆగేది కాదు. నెల గడిచింది. నేను ఆశ వదిలేసుకున్నాను. బలవంతం చెయ్యడానికి నేనెవరు? నానీ మీద ఆ గుడ్డ కప్పినవాళ్లూ ప్రేమతోనే కప్పి ఉంటారు. నా ప్రేమతో నేను దాన్ని లాగడం కూడా ఒక జబర్దస్తీయే కదా అనిపించింది.

మొన్న జుమా రోజు పొద్దున, నేను వంటింట్లో ఉంటే హాల్లోంచి అమ్మీ కోప్పడుతోంది.

"ఈ అద్దం ఎవరు కొట్టారే?"

"మీ దామాదే అమ్మీ. ఏమైంది?"

"ఏమైందా? ఎంత ఎత్తులో కొట్టాడో చూడు! నెల నుంచి చూస్తున్నా, నా మాంగ్ తప్ప ఏం కనపడదు. ముసలోళ్లు నడుం వంగి ఉంటారన్న అఖల్ లేదా? ఒక జానెడు కిందికి దించు."

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. నెల నుంచి చూస్తున్నా అంది. మేం ఎవరం లేనప్పుడు, ఆ అద్దం ముందు నిలబడి, మునివేళ్ల మీద లేచి, అందక ఊరుకుంది. ఆమె చూడదల్చుకోలేదని మేం అనుకున్నాం. అద్దమే ఆమెకి అందలేదు. మా ఆయన తన కంటి ఎత్తు కొలతకి కొట్టారు, నా కంటికీ సరిపోయింది. ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషి ఎత్తు మా ఎవరికీ తట్టలేదు.

మీరు అద్దం కొనబోతుంటే నేను చెప్పేది ఇంతే. బజారుకి పోయే ముందు మీ ఇంట్లో ఎవరు ఎక్కువ కాలంగా తమని తాము చూసుకోలేదో వాళ్ల ఎత్తు కొలుచుకుని పోండి. మీ ఇంట్లో ఏదైనా అద్దం మీద పాత గుడ్డ ఉంటే, అది ఎవరు కప్పారో, ఎందుకు ఇంకా ఉందో ఒక్కసారి అడగండి.

సాయంత్రానికి అద్దం దించాం. అమ్మీ దాని ముందు నిలబడి దుపట్టా సర్దుకుంది. కింది మచ్చల పైన ఆమె ముఖం కొంచెం వంగి, కొంచెం నీళ్లలో ఉన్నట్టు. చాలాసేపు చూసుకుంది.

"అచ్చం మా అమ్మీలా అయిపోయా" అంది.

తర్వాత పెదాలు కదిలాయి. చిన్నప్పుడు మా అందరికీ తనే నేర్పిన దుఆ, అద్దం చూసినప్పుడు చదివేది. నా సూరత్‌ని మంచిగా చేసినట్టే నా సీరత్‌నీ మంచిగా చెయ్యమని అల్లాహ్‌ని అడిగేది. నేను వంటింట్లోకి వచ్చేశాను.

ఇప్పుడు మా ఆయన గడ్డం చూసుకోవాలంటే నడుం వంచాలి. రోజూ సణుగుతారు. వంచనీ.